రబుల్ కొనేముందు ఒక్కసారి ఇది చూడండి

అందరికీ నమస్కారం. 1966-69 నాటి బ్రిటిష్ సైకడెలిక్ రాక్ సింగిల్స్ (పక్కకో పాట ఉండే చిన్న రికార్డులు) సేకరణ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నేరుగా రబుల్ అనే సంకలనాల మీదకు వెళ్లకండి. బామ్-కరూసో అనే రికార్డు కంపెనీ 1984లో మొదలుపెట్టిన ఆ వరుసలో 20 భాగాలున్నాయి. ముందు రైనో వాళ్ల నగ్గెట్స్ 2 (2001, 4 సీడీలు), తర్వాత గ్రేప్‌ఫ్రూట్ వాళ్ల 1967 పెట్టె (3 సీడీలు) తీసుకోండి. టింటర్న్ ఆబీ లాంటి ఒకే సింగిల్ బ్యాండ్ల పాటలు ఎన్ని సంకలనాల్లో తిరుగుతాయో! అందుకే బ్యాండు, పాట, అసలు లేబుల్ నంబరు ఒక షీట్‌లో రాసుకుని, కొనేముందు ఆ పాట మీ దగ్గర ఇప్పటికే ఉందేమో అందులో వెతకండి.

అసలు చిక్కు శబ్దంతోనే. మాస్టర్ టేపు (స్టూడియోలోని అసలు టేపు) దొరక్కపోతే పాత 45 (నిమిషానికి 45 చుట్లు తిరిగే సింగిల్ రికార్డు) నుంచే ఎక్కిస్తారు. గరగర తీసేయాలని ఫిల్టర్ గట్టిగా వేస్తే సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు తాళాలు) మెరుపు పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. నన్నడిగితే కాస్త గరగరే నయం.

మోనో పరీక్ష (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే అసలు మోనోనా కాదా అని తేల్చడానికి): ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ను రెండు మోనోలుగా విడదీసి, ఒకదానికి ఇన్వర్ట్ (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే ఆదేశం) కొట్టి, రెండూ కలిపి వినండి. ఏమీ వినపడకపోతే అసలు మోనో. చిటపటలు మాత్రమే మిగిలితే స్టీరియో కార్ట్‌రిడ్జ్‌తో (రికార్డు ప్లేయర్‌లో సూది ఉండే భాగం) డిస్కు నుంచి ఎక్కించింది. పాట బాగానే మిగిలితే స్టీరియో మిక్స్ అయినా కావాలి, దొంగ స్టీరియో (మోనోనే స్టీరియోలా మార్చింది) అయినా కావాలి.

అట్ట వెనుక హక్కుదారు పేరు, లైసెన్సు వివరం లేకపోతే అనుమతి లేని కాపీ అని అనుమానించండి. ఈ రికార్డింగులకు బ్రిటన్‌లో 70 ఏళ్ల కాపీరైట్ ఇంకా నడుస్తోంది.