ఆదివారం సెలవు తీసేయకండి, శనివారం షాపు మూసేవాళ్ల సంగతీ చూడండి

ఎడిటర్ గారికి,

మేముండే న్యూజెర్సీ బెర్గెన్ కౌంటీలో ఆదివారం పాలు, కూరగాయలు, మందులు దొరుకుతాయి, హోటళ్లూ తీసే ఉంటాయి, కానీ చొక్కా కొందామన్నా, కుర్చీ కొందామన్నా, ఫ్రిజ్ కొందామన్నా కుదరదు. చట్టం ఒప్పుకోదు. మనవాళ్లు చాలామంది "ఈ కాలంలో ఇదేంటండీ, ఎత్తేయాలి" అంటుంటారు. నేను మాత్రం వద్దంటాను. నేను పనిచేసేది బట్టల షాపులో. వారంలో షిఫ్టు ఎప్పుడు పడుతుందో ముందుగా తెలీదు, ఇంటిల్లిపాదీ కలిసి అన్నం తినేది ఆ ఒక్క రోజే. 1993లో ఓటింగ్ పెట్టినప్పుడు కూడా ఇక్కడి జనం ఈ చట్టాన్ని ఉంచమనే చెప్పారు.

అలాగని దీని చరిత్ర మంచిదని అనను. 1610లో ఇంగ్లీషువాళ్ల వలస రాజ్యంగా ఉన్న వర్జీనియాలో ఆదివారం చర్చికి రాకపోతే శిక్ష, మూడోసారి కూడా రాకపోతే ఏకంగా మరణశిక్ష అని రాసుకున్నారు! మేరీల్యాండ్‌లో ఒక పెద్ద షాపు ఉద్యోగులు ఆదివారం ఒక ఫైలు, నేలకు రాసే మైనం డబ్బా, స్టేప్లర్, బొమ్మ జలాంతర్గామి లాంటివి అమ్మారని తలా 5 డాలర్లు జరిమానా వేశారు. జరిమానా కట్టాల్సింది కౌంటర్ దగ్గర నిలబడ్డ పనివాళ్లు, అది చదివితే నాకు కడుపు మండింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1961లో కోర్టు, మొదట్లో మతం కోసమే పెట్టినా ఇప్పుడిది అందరికీ ఒకే విశ్రాంతి రోజు కోసం ఉన్న చట్టం అని సమర్థించింది.

అదే రోజు ఇంకో తీర్పు వచ్చింది. ఫిలడెల్ఫియాలో బట్టలు, ఇంటి సామాన్లు అమ్మే యూదు వ్యాపారులు శుక్రవారం చీకటి పడ్డప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా మతం ప్రకారం షాపు మూస్తారు, ఆదివారమూ మూయమంటే మేమెలా బతకాలి అని అడిగారు. ఓడిపోయారు. అయితే అలాంటివాళ్లకు మినహాయింపు ఇవ్వడమే తెలివైన పని కావచ్చని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఆ తీర్పులోనే రాశారు, కొన్ని రాష్ట్రాలు అప్పటికే ఇస్తున్నాయని కూడా.

నేను అడిగేదీ అదే. ఆదివారం చట్టం ఉన్న ప్రతిచోటా, వారంలో ఇంకో రోజు షాపు పూర్తిగా మూసి పనివాళ్లందరికీ సెలవిచ్చే యజమానిని ఆదివారం తెరవనివ్వాలి. మా సెలవు మాకుంటుంది, వాళ్ల పండగ రోజు వాళ్లకుంటుంది. ఇక్కడ షాపులు నడుపుతున్న మన తెలుగువాళ్లు చట్టం రద్దు చేయమని సంతకాలు పెట్టేముందు ఈ మార్పు గురించి కౌంటీ సభ్యులతో మాట్లాడమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బెర్గెన్ కౌంటీ, న్యూజెర్సీ