తోటలో గది కడుతున్నావట

చి. అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం బాగున్నాం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది, నా కళ్లజోడు ఎప్పటిలాగే కనపడటం లేదు. నీ ఫోన్ వచ్చి మూడు వారాలైంది. పని ఒత్తిడి ఉంటుంది, తెలుసు. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

తోటలో గది కడుతున్నావని పిన్ని చెప్పింది. నువ్వు పంపిన ఫోటో కూడా చూపించింది. నాకెందుకు పంపలేదో అడగను. ఫ్రేమ్ బాగా నిలబెట్టావు. నిలువు కర్రలు 400 మిల్లీమీటర్లకి ఒకటి పెట్టినట్టున్నావు, ఫోటో పెద్దది చేసి లెక్కపెట్టాను. 600 చాలనే వాళ్లూ ఉన్నారు కానీ నువ్వు బయటి గోడకి బిగించే ఫైబర్ సిమెంట్ బోర్డు బరువుది, ఆసరా దగ్గర దగ్గరగా ఉంటేనే నాకు నిద్ర పడుతుంది. మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పెట్టి చూశావా? రెండు కొలతలూ ఒకటైతేనే గది చదరంగా ఉన్నట్టు. తర్వాత ప్లైవుడ్ కొట్టేస్తే ఇక అటూ ఇటూ ఊగదు.

పిన్ని ఇంకో మాట కూడా అంది. ఆ గదిలో మంచం వేస్తావట, కొలతలు కూడా తీసుకున్నావట. ఆఫీసు పని చేసుకునే గదికి టేబులూ కుర్చీ చాలు కదా. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికేమోలే. పిన్ని సంగతి నీకు తెలుసు, చీపురుపుల్లని దూలం చేసి చెబుతుంది.

పాత ఇంటి వెనక షెడ్డు గుర్తుందా? నువ్వు అలిగినప్పుడల్లా దాని వెనకే దాక్కునేదానివి. అది పెదనాన్నా నేనూ ఒక సెలవుల్లో కట్టాం. ఆయనకి తొందర, నాకు తెలియనితనం. చెక్క ఫ్రేమ్ మీద నేరుగా బోర్డులు బిగించేశాం. మధ్యలో సందు వదలాలని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా పెదనాన్న వినేవాడు కాదు, సందు వదిలితే ఎలకలు కాపురం పెడతాయనేవాడు. రెండు కోటింగ్‌లు రంగు వేశాం. ఆరేళ్లు ఆ గోడ అలాగే ఉంది. ఎండకి పగల్లేదు, వానకి ఉబ్బలేదు. చెదపురుగు దాని జోలికే రాలేదు. సిమెంటూ ఇసుకా చెక్కగుజ్జు నారా కలిపి చేసిన పలకలో చెదకి తినడానికి ఏముంటుంది? వచ్చిన వాళ్లందరికీ పెదనాన్న ఆ గోడని అరచేత్తో చరిచి చూపించేవాడు.

ఈలోగా మీ అమ్మ గోడ పొడుగునా పూలమొక్కలు వేసింది. ఏటా కాస్త కొత్త మట్టి పోసేది. మొదట జానెడు పైన ఉన్న గోడ అడుగు, ఆరేళ్లకి మట్టిలోకి పోయింది. నేను రోజూ నీళ్లు పోస్తూ కూడా గమనించలేదు. ఒకరోజు గడియ పడలేదు. తలుపు ఉబ్బిందనుకుని అంచు చిత్రిక పట్టాను. నెల తిరక్కుండా మళ్లీ బిగుసుకుంది, మళ్లీ పట్టాను. మూడోసారి పెదనాన్న వచ్చి, తలుపుది కాదురా తప్పు, గోడే దిగుతోంది అన్నాడు. మూల బోర్డు ఒకటి ఊడదీశాం. బయట రంగు ఎంత నున్నగా ఉందో వెనక కర్ర అంత నల్లగా ఉంది. అన్నిటికంటే అడుగున, పడుకోబెట్టి వేసిన కర్రకి స్క్రూడ్రైవర్ ఆనించాను. గుచ్చలేదు, ఆనించానంతే. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకి తడి పొట్టు అంటుకుని వచ్చింది, పుట్టగొడుగుల వాసన. పెదనాన్న ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత చాలా మాట్లాడాడు, ముందు మీ అమ్మ మొక్కల మీద, ఆపైన నా మీద. బోర్డుల్లో మాత్రం ఒక్కటి కూడా పాడవలేదు. అవే కడిగి కొత్త ఫ్రేమ్‌కి మళ్లీ బిగించాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బోర్డు కొన్నప్పుడు అందరూ బోర్డు గురించే అడుగుతారు. కుళ్లేది వెనకున్న కర్ర. ఎంత బాగా బిగించినా జాయింట్ల దగ్గర, మేకు రంధ్రాల దగ్గర, గాలివానలో కాస్త నీరు లోపలికి వస్తుంది. వచ్చిన నీరు కిందికి జారి బయటికి పోవాలి, మిగిలిన తడి గాలికి ఆరాలి. అందుకే ఫ్రేమ్ మీద బ్రీదర్ మెంబ్రేన్ (నీటిని ఆపి, ఆవిరిని బయటికి వదిలే పల్చటి షీటు) పరిచి, దాని మీద నిలువుగా రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద బోర్డులు బిగించాలి. రీపరు మందం 20, 25 మిల్లీమీటర్లుంటే గాలి తిరుగుతుంది. కిందా పైనా ఆ సందు మూసెయ్యకు, పురుగులు రాకుండా జల్లెడ మాత్రం పెట్టు. (పెదనాన్న ఎలకలకి కూడా అదే జవాబు.) మెంబ్రేన్ పెంకులు పేర్చినట్టు కింది నుంచి మొదలుపెట్టాలి, పై వరస కింది వరస మీదికి రావాలి. కిటికీ పైన వంచిన రేకు పెట్టి, దాని పైఅంచు మెంబ్రేన్ కిందికి తోయాలి. అక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు.

బోర్డు అడుగుకీ నేలకీ 150 మిల్లీమీటర్లు ఖాళీ. అక్కడ మొక్కలొద్దు. మీ అమ్మ చెప్పినా వద్దు. అడుగు కర్ర కింద తేమ పైకి పాకకుండా ప్లాస్టిక్ పట్టీ వెయ్యి. మందు పట్టించిన కర్ర వాడుతున్నావనుకుంటా. కోసిన ప్రతి చివరా మళ్లీ మందు పూయాలి, లోపలి చెక్కకి ఆ మందు అందకపోవచ్చు. ఆ మందులో రాగి ఉంటే మామూలు ఇనుప మేకులు త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ వాడు. డబ్బు చూసుకోకు, కావాలంటే అడుగు. కర్రలో తేమ 20 శాతం లోపు ఉందో లేదో మీటరు పెట్టి చూశాకే మూసెయ్యి. తడి లోపల పెట్టి మూసేసి, బయటికి బాగానే ఉందనుకోవడం అంత పొరపాటు ఇంకోటి లేదు.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. చూశావుగా.

రాత్రిళ్లు కూడా అందులో పడుకునేటట్టయితే లెక్క వేరే. మనిషి ఊపిరిలో తేమ ఉంటుంది. చలి రోజుల్లో అది గోడలోకి దూరి చల్లటి చోట నీరవుతుంది. లోపలి వైపు ఇన్సులేషన్ మీద ఆవిరి దూరని షీటు వేసి, జాయింట్లన్నీ టేపుతో మూసి, గాలికి వేరే దారి పెట్టాలి. పొగ వస్తే మోగే అలారం కూడా ఉండాలి, బోర్డు అంటుకోదు కానీ లోపలిది కర్రే. పడుకునే గది అనేసరికి చాలాచోట్ల అనుమతులూ మారతాయి. రోజూ అక్కడే పడుకోవుగా?

బోర్డులు కోసేటప్పుడు మాస్కు పెట్టుకుంటున్నావా? గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 అయినా ఉండాలి. బోర్డులో ఇసుక ఉంది. కట్టర్ పెడితే లేచే దుమ్ములో కంటికి కనపడనిదే ఊపిరితిత్తుల్లో దిగిపోతుంది, దిగింది తిరిగి రాదు. సిలికోసిస్ అంటే అదే. వీలైతే గీత గీసి విరుచు, లేదా కత్తెర మిషన్‌తో కోయి. కట్టర్ తప్పకపోతే దుమ్ము లాగే వాక్యూమ్ తగిలించి, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడు. పాత సిమెంటు రేకులు ఎవరైనా ఊరికే ఇస్తామన్నా తీసుకోకు. హాచెక్ అనే ఆస్ట్రియా ఆయన 1901లో పేటెంటు తీసుకున్న రేకుల్లో కలిపింది ఆస్బెస్టాస్ నార. ఆ తర్వాత చాలా దశాబ్దాలు అదే నడిచింది, దాన్ని కోయడం ఇంకా ప్రమాదం. పిన్నికి ఫోన్లో నీ గొంతు బొంగురుగా వినిపించిందట. దుమ్మా, జలుబా?

కోసిన అంచులకి రంగు పూశాకే బిగించు. అంచుకి మరీ దగ్గరగా మేకు కొడితే మూల పెచ్చు ఊడిపోతుంది, ఎంత దూరమో కంపెనీ కాగితంలో ఉంటుంది, చదువు. నువ్వు చదవవు, అందుకే చెబుతున్నా.

ఇంకొకటి. పొడుగు బోర్డుని పళ్లెంలా పడుకోబెట్టి ఎత్తకూడదు, నడుమ విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి, చెరో చివరా ఒకరు పట్టుకోవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఫోటోలో నువ్వొక్కదానివే ఉన్నావు. తీసింది అల్లుడే అయ్యుంటాడనుకున్నాను. మీ అమ్మ చూసి, ఎవరూ తీయలేదు, ఫోన్ ఇటుక మీద పెట్టి టైమర్‌తో తీసుకుంది, చూడండి ఎలా వంకరగా ఉందో అంది. మీ అమ్మకి అలాంటివి ఎలా కనపడతాయో నాకు తెలియదు.

రెండో చివర ఎవరు పట్టుకుంటున్నారో రాయి. అల్లుడికి తీరిక లేకపోతే నేను వస్తాను. నాకు ఇక్కడ పనేమీ లేదు, మీ అమ్మని పిన్ని చూసుకుంటుంది. నా పాత మూలమట్టం, తూకం గుండు సంచిలో పెట్టేశాను. వచ్చి ఏమీ అడగను, బోర్డు పట్టుకుంటానంతే.

వేళకి తిను. నిచ్చెన ఎక్కేటప్పుడు చెప్పులు వద్దు, బూట్లు వేసుకో.

నాన్న

తా.క.: మంచం ఒక్కరిదా, ఇద్దరిదా? తలుపు వెడల్పు చూసుకోవాలి, అందుకే అడుగుతున్నా.