ఏడూ ఎనిమిదీ

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ అప్పన్నా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. నాన్నకి కంటి ఆపరేషనైంది, బాగున్నారు. చిన్నది తొమ్మిదిలోకొచ్చింది. పెంకులిల్లు ఇంకా కారుతూనే ఉంది. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉన్నాను.

మొన్న గురువారం పెళ్ళి ఊరేగింపులో మన బ్యాండు మిశ్రచాపు, అదే ఏడక్షరాల తాళం, వాయించింది. నడుస్తూ! నవ్వకు.

మా మేళంలోకి కొత్తగా క్లారినెట్ గుంటడొకడు వచ్చాడు, మ్యూజిక్ కాలేజీలో డిప్లొమా చేశాడు. రోజూ ఒకటే పోరు. "మావయ్యా, 1919లో కాలేజీ పెట్టినప్పుడు హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు. ఆయన రెండు చేతులూ రెండు కాళ్ళూ తలా కలిపి ఒక్కడే అయిదు తాళాలేసి పంచముఖి చేస్తే, పద్నాలుగు మందిమి ఒక్క ఏడు వెయ్యలేమా?" దాసుగారి పేరెత్తాక ఇంక నేనేం మాట్లాడను?

చిక్కెక్కడో నీకు చెప్పాలా, సైడ్ డ్రమ్ము నాకంటే ముందు పట్టినోడివి. తకిట తకధిమి ఏడు. మనిషికి కాళ్ళు రెండు. సమం, అదే తాళంలో మొదటి దెబ్బ, ఎడమకాలి మీద మొదలైతే రెండో ఆవృత్తంలో, అంటే రెండో ఏడులో, కుడికాలి మీద పడుతుంది. పద్నాలుగడుగులైతే గాని ఎడమకి రాదు.

అయ్యకోనేరు గట్టున అయిదు సాయంత్రాలు సాధన చేశాం. నిలబడి వాయిస్తే వెన్నతో పెట్టిన విద్య. నడిస్తేనే గోల. గుంటడు ఉపాయం చెప్పాడు: తకిటకి ఒకడుగు, తకకి ఒకటి, ధిమికి ఒకటి. మొదటిది నిదానం, తర్వాతవి రెండూ గబగబా. అలా నడుస్తుంటే గట్టు మీదెళ్తున్న ముసలమ్మ ఆగి, "ఏటి బాబూ, అందరికీ ఒకేపాలి ముల్లు గుచ్చుకుందేటి?" అంది. దాంతో అది మానేసి అక్షరానికో అడుగు పెట్టుకున్నాం. సమం ఏ కాలికొస్తే ఆ కాలిది అదృష్టం.

ఊరేగింపు కోట దగ్గర బయల్దేరింది. బాస్ డ్రమ్ము ఎవరనుకున్నావు? మన అర్ధరూపాయే! (సాలూరు పెళ్ళి, జీడిపప్పు ఉప్మా... సరే, రాయనులే.) ముప్పయ్యేళ్ళుగా ఆ పెద్ద దెబ్బ ఎడమకాలికే వేసిన మనిషి. సమం కుడికాలికొచ్చేసరికి చెయ్యి లేవదు. ఒకడుగు ఆగి, ఎడమకాలు రాగానే ఢాం! ఇంక అక్కణ్ణుంచి ఎనిమిదడుగులకో దెబ్బ. మాకు ఏడు, ఆయనకి ఎనిమిది. ఏడెనిమిదులు యాభయ్యారు, అంటే యాభయ్యారు అడుగులకోసారి ఇద్దరం కలుస్తాం. కలిసిన ప్రతిసారీ నావైపు తిరిగి, "ఇప్పుడు దారిలోకొచ్చావా" అన్నట్టు ఒక చూపు! మధ్యలో యాభయ్యయిదు అడుగులు నేను పడ్డ బాధ ఎవరికి చెప్పను? ముందు గంతులేస్తున్న పెళ్ళికొడుకు స్నేహితులేమో "కాలేసేసరికి పాట పారిపోతంది, ఇదేటి మావా?" అని గోల.

మూడు లాంతర్ల దగ్గర ఆపేద్దామని కర్ర ఎత్తాను కూడా.

అప్పుడొచ్చాడురా ఒక ముసలాయన. పెళ్ళివారి ఊరివాడట, పడుచుతనంలో తప్పెటగుళ్ళు కట్టాడట, అదే, గుండెకి తప్పెట కట్టుకుని గంతులేస్తూ ఆడతారే, అది. పంచె ఎగ్గట్టి మా ముందుకొచ్చి, కాసేపు తలూపి, ఒక్క గంతు. రెండు కాళ్ళూ ఒకేసారి దించాడు, సరిగ్గా సమం మీద! మళ్ళీ ఏడుకి మళ్ళీ గంతు. ఎడమా లేదు, కుడీ లేదు. పిక్కలు సన్నగా ఎండిన కొమ్మల్లా ఉన్నాయి, దిగితే మాత్రం చప్పుడు లేదు. అర్ధరూపాయి తన కాళ్ళు చూసుకోవడం మానేసి ఆ కాళ్ళే చూశాడు. చెయ్యి లేచింది. ఢాం!

గంటస్తంభం దాకా తప్పలేదు. నా ఒళ్ళు... ఎలా చెప్పను, మన బడి రోజుల్లో ఆ వానలో వాయించాం చూడు, మళ్ళీ అలా. పక్కకి తిరిగి "చూశావురా" అన్నాను కూడా. అక్కడ నువ్వెక్కడ, క్లారినెట్ గుంటడు. నీ పుల్లలు ఇంకా మా అటక మీదే ఉన్నాయి. ఎప్పుడైనా...

గుంటడు ఇప్పుడు ఖండచాపు అంటున్నాడు. అయిదు! అర్ధరూపాయి వినగానే ఏమన్నాడంటే... అయ్యో, వీధిలో వ్యాను హారన్ కొట్టేస్తన్నారు, బొబ్బిలి పెళ్ళికి. యూనిఫాం గుండీ ఒకటి ఊడింది, సూది కనబడదు. మిగతాది తర్వాత రాస్తా.

నీ
సూరి