110 మిల్లీమీటర్ల టెలిస్కోపులు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

పెద్ద అద్దం 110 మిల్లీమీటర్ల వెడల్పుండే ఆఫ్-యాక్సిస్ (అద్దాలు పక్కకు వాలి ఉండే) టెలిస్కోప్‌కు ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న మీ అందరికీ ముందుగా క్షమాపణలు. ఈ విడతలో సిద్ధమైన నాలుగింటినీ ఆపేశాను. తప్పు నాదే.

మామూలు రిఫ్లెక్టర్‌లో చిన్న అద్దం పెద్ద అద్దానికి ఎదురుగా ఉండి కొంత వెలుగును అడ్డుకుంటుంది. ఆ అడ్డు లేకుండా రెండు అద్దాలనూ వాల్చి పెట్టే ఆంటన్ కుట్టర్ అనే టెలిస్కోప్ రూపకర్త డిజైన్‌నే నేను వాడుతున్నాను. గ్రహాల మీద అది చూపే కాంట్రాస్ట్ అంటే నాకు ప్రాణం. అయితే అద్దాన్ని వాల్చగానే కోమా (చుక్కకు తోకచుక్కలా తోక రావడం), ఆస్టిగ్మాటిజం (చుక్క గీతలా సాగిపోవడం) రెండూ వచ్చి పడతాయి. వాలు రెట్టింపైతే కోమా రెట్టింపవుతుంది, ఆస్టిగ్మాటిజం నాలుగింతలవుతుంది. పుటాకార ప్రైమరీ (పెద్ద అద్దం) తెచ్చిన ఆస్టిగ్మాటిజాన్ని కుంభాకార సెకండరీ (చిన్న అద్దం) తన వాలుతో చెరిపేయాలి.

పోయిన వారం నక్షత్రం మీద పరీక్షిస్తే ఆ లెక్క కుదరలేదు. ఫోకస్‌కు కాస్త ఇటు చుక్క నిలువుగా సాగింది, కాస్త అటు అడ్డంగా సాగింది. సరిగ్గా ఫోకస్ చేస్తే చిన్న ప్లస్ గుర్తు. గాజునే అనుమానించి ఒక అద్దాన్ని మళ్లీ పాలిష్‌కు పెట్టాను, తొందరపడ్డాను. తర్వాత రెండు అద్దాలనూ ఒకదాని తర్వాత ఒకటి వాటి గూళ్లలోనే పావు చుట్టు తిప్పి చూశాను. దోషం గాజులో ఉంటే సాగిన గీత కూడా మారాలి. ఏ అద్దం తిప్పినా మారలేదు. సెకండరీ కింద పెట్టే ఏటవాలు దిమ్మెలు నాలుగూ ఒకే కొలత తేడాతో కోశానని అప్పుడు తేలింది.

దిమ్మెలు మళ్లీ కోస్తున్నాను. ఇంకో మూడు వారాలు పడుతుంది. ప్రతి టెలిస్కోప్‌నూ నక్షత్రం మీద పెట్టి, ఫోకస్‌కు ఇటూ అటూ చుక్క గుండ్రంగా కనిపించాకే పంపుతాను. అంతవరకు ఆగలేనివాళ్లకు కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఇస్తాను.

200 మిల్లీమీటర్లది చేసిమ్మని కొందరు అడుగుతున్నారు. ఈ అమరికలో ఆస్టిగ్మాటిజం పోయినా కొంచెం కోమా మిగులుతుంది. 110లో అది కంటికి ఆనదు. 200లో ఆనుతుంది, దాన్ని దిద్దడానికి అదనంగా ఒక లెన్స్ కావాలి. అది నా చేతులతో ఇంకా చేయలేదు కాబట్టి ఆ ఆర్డర్లు తీసుకోను.

ముందు విడతలో కొన్నవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి. నక్షత్రం ప్లస్‌లా కనిపిస్తే, కన్ను పెట్టి చూసే ఐపీస్ దగ్గరే తలను పక్కకు వంచండి. గీతలు తలతోపాటు తిరిగితే ఆ ఆస్టిగ్మాటిజం మీ కంటిది. తిరగకపోతే టెలిస్కోప్ నాకు పంపండి, రానూపోనూ ఖర్చులు నేనే పెట్టుకుంటాను.