పాయింటుకు ఇంత అని ఇకపై ఫోనులో రేటు చెప్పం

మా చేత ఆఫీసుల్లో నెట్‌వర్క్ కేబులింగ్ చేయించుకున్న వారందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి మా కొటేషన్ పద్ధతి మారుతోంది. ఇన్నేళ్లూ మీరు ఫోను చేసి "పాయింటుకు (అంటే ఒక్కో కేబుల్ కనెక్షన్‌కు) ఎంత?" అని అడిగితే అప్పటికప్పుడే ఒక అంకె చెప్పేవాళ్లం. ఇకపై ముందు మీ స్థలానికి వచ్చి, కేబుల్ ఏ దారిన వెళ్లాలో ప్లాను మీద గీసి, ఆ తర్వాతే ధర చెబుతాం. ఆ సర్వేకు రుసుము ఉంటుంది. పని మాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాం. ఇంత పట్టుదల ఎందుకో దాచకుండా చెప్పాలి, ఎందుకంటే దాని వెనుక మా తప్పు ఒకటి ఉంది.

పోయిన మే నెలలో గచ్చిబౌలిలోని ఒక ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ (పర్యావరణానికి మేలు చేసే భవనమని ఇచ్చే గుర్తింపు) ఉన్న భవనం, కేబులింగ్ మేమే చేశాం. మధ్యాహ్నం రెండు దాటాక చివరి వరుసలోని నాలుగు కెమెరాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నాయి, సాయంత్రానికి వాటంతట అవే వస్తున్నాయి. కెమెరాలు మార్చాం, వాటి కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టె మార్చాం. ఫలితం లేదు. మూడో రోజు నేనే నిచ్చెన ఎక్కి ఫాల్స్ సీలింగ్ పలక తీశాను. కేబుళ్లను మోసే ట్రేలో 72 కేబుళ్లు ఒకే కట్టగా, ప్లాస్టిక్ టైలతో బిగించి ఉన్నాయి. చూడటానికి ఎంతో పొందికగా ఉంది. పై కేబుల్‌ను ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. కట్ట మధ్యలోకి వేళ్లు దూర్చితే వేడి గట్టిగా తగిలింది.

ఇప్పటి నెట్‌వర్క్ కేబుల్ సమాచారంతో పాటు కరెంటునూ మోస్తుంది. కెమెరా, వైఫై పెట్టె, తలుపు దగ్గరి కార్డు మెషీన్ అన్నీ అదే తీగ మీద నడుస్తాయి. 2003లో వచ్చిన తొలి ప్రమాణం స్విచ్‌లోని ఒక్కో పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) నుంచి 15.4 వాట్లు పంపమంది. 2009లో అది 30 అయింది, 2018లో 90 వరకు పెరిగింది. స్విచ్ 90 వాట్లు పంపితే, 100 మీటర్ల చివర ఉన్న పరికరానికి ప్రమాణం హామీ ఇచ్చేది 71.3 వాట్లే. మిగతాది దారిలోనే వేడిగా మారుతుంది. కట్ట మధ్యలో ఉన్న కేబుల్‌కు ఆ వేడి బయటికి పంపే దారి ఉండదు. తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, సిగ్నల్ బలహీనపడుతుంది. అందుకే 20 డిగ్రీలు దాటాక 40 వరకు, పెరిగే ప్రతి డిగ్రీకీ కేబుల్ పొడవును 0.4 శాతం చొప్పున తగ్గించుకోవాలని ప్రమాణాలు చెబుతాయి. అంటే మామూలుగా 90 మీటర్లు (రెండు చివర్లా తగిలించే చిన్న కేబుళ్లు కలిపితే 100) వేయదగ్గ లింకు, 40 డిగ్రీల దగ్గర 83 మీటర్లకు మించకూడదు. ఆగిపోయిన నాలుగు లింకులూ 86, 88 మీటర్ల మధ్య ఉన్నాయి. మేం టెస్ట్ చేసింది డిసెంబరు ఉదయం పూట. రిపోర్టులో అన్నీ పాస్ అయ్యాయి.

కట్టలను 24 చొప్పున విడదీసి వెల్క్రోతో వదులుగా కట్టాం. దూరపు పాయింట్లకు దగ్గరి దారిన కొత్తగా కేబుల్ లాగాం. ఖర్చు మాదే. అయినా ఆ భవనం గురించి నా బాధ తీరలేదు. ఎండ వేడి లోపలికి రాకుండా అద్దాలకు ఎంతో ఖర్చు పెట్టిన యజమాని నెత్తి మీదే మేం వేడిని వేలాడదీశాం. ఆ వేడిని మళ్లీ ఏసీయే మోయాలి.

తర్వాత ప్లాను ముందేసుకుని లెక్క వేశాను. మేం ట్రే ఎటు ఉంటే అటే లాగుకుంటూ పోయాం. ముందే దారి గీసి ఉంటే కేబుల్‌కు సగటున 20 మీటర్లు మిగిలేది. 72 కేబుళ్లకు 1,440 మీటర్లు, అంటే 305 మీటర్ల బాక్సులు దాదాపు ఐదు. పాయింటుకు ఇంత అని ఒప్పుకున్నాక దారి గురించి ఆలోచించే వారు ఎవరూ ఉండరు. మమ్మల్ని పిలిచేసరికి ఏసీ డక్టులు, కరెంటు పైపులు అయిపోయి, సీలింగ్ మూయడానికి వారమే మిగిలి ఉంటుంది. దయచేసి ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే మమ్మల్ని పిలవండి.

"గ్రీన్ కేబుల్ వేస్తే రేటింగ్‌లో పాయింట్లు వస్తాయా?" అని చాలామంది అడుగుతున్నారు. కేబుల్ వేసినంత మాత్రాన రావు. అమెరికాలో పుట్టిన గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ లీడ్. అందులో అన్నిటికన్నా పైదైన ప్లాటినం, అమెరికా బయట తొలిసారి 2003లో మన హైదరాబాదులోని సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) సొహ్రాబ్జీ గోద్రెజ్ కేంద్రానికే దక్కింది. భవనం ఎంత కరెంటు, ఎంత నీరు వాడుతోంది, లోపలి గాలి ఎలా ఉంది వంటివి అలాంటి రేటింగులు చూస్తాయి. ఆ సంగతి తెలియాలంటే మీటర్లు, గదిలో మనుషులున్నారో లేదో చెప్పే సెన్సర్లు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచేవి కావాలి. అవన్నీ ఏదో ఒక తీగ మీదే మాట్లాడతాయి. ఏసీ వాళ్లు ఒక వరుస, లైట్ల వాళ్లు ఒక వరుస, కెమెరాల వాళ్లు మరో వరుస విడివిడిగా లాగితే అదే సీలింగ్‌లో మూడింతల రాగి, మూడింతల పైపు పడుతుంది. వీలైనవన్నీ ఒకే ప్లానులోకి తేవడమే మేం చేయగల అసలైన గ్రీన్ పని.

పాత కేబుల్‌ను ఇకపై సీలింగ్‌లో వదిలేయం. ఈ మధ్య ఒకచోట కొత్త పనికి సీలింగ్ విప్పితే, వాడకంలో లేని మూడు తరాల కేబుళ్లు కనిపించాయి. ఒకదాని చివర కాగితపు లేబుల్ మీద బాల్‌పెన్నుతో "అకౌంట్స్ 3" అని ఉంది. అది నా చేతిరాతే. ఆ తీగను అక్కడ వదిలి పైన ఇంకొకటి లాగింది కూడా మేమే. ఇకపై తీసిన ప్రతి మీటరునూ అధికారిక రీసైక్లర్‌కే ఇస్తాం. రాగి కోసం బయట పీవీసీని కాల్చితే వచ్చే పొగ విషం. తీసే కూలి బిల్లులో విడిగా కనిపిస్తుంది.

రాగి పూత వేసిన అల్యూమినియం తీగ ఎంత చవకైనా వాడం. దాని నిరోధం ఎక్కువ, వేడీ ఎక్కువే. మీకు అనుమానం ఉంటే తీగ కొసను బ్లేడుతో గీరి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. కేబుల్ పై తొడుగు విషయంలో, మంటల్లో పొగ తక్కువ వచ్చే, హాలోజెన్ (క్లోరిన్ లాంటి మూలకాలు) లేని రకమే ఇకపై మా మామూలు సరుకు. దాని ధర ఎక్కువ.

అంతస్తులు ఎక్కువగా ఉన్నవారికి ఫైబర్ (కాంతితో సమాచారం మోసే గాజు తీగ) మంచి దారి. ఒక ఫైబర్‌ను చాలా దారులుగా చీల్చే మధ్యలోని స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, స్విచ్‌ల కోసం అంతస్తుకో ఏసీ గది తప్పుతుంది. ఇరవై మంది ఉన్న ఆఫీసుకు మాత్రం దాన్ని అమ్మం. సర్వర్ గదిని 18 డిగ్రీల దగ్గర ఉంచమని గతంలో నేనే మీలో చాలామందికి చెప్పాను. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. 27 వరకు ఆమోదయోగ్యమే. 24 దగ్గర పెట్టి, వారం పాటు గమనించండి.

ఇప్పటికే ఇచ్చిన కొటేషన్లు పాత ధరకే చేస్తాం. 2018 తర్వాత మా చేత కెమెరాలు, వైఫై కలిపి 50 పాయింట్లు దాటి వేయించుకున్నవారు మార్చి లోపు ఒక్క ఫోను చేయండి. నిచ్చెన తీసుకుని మేమే వస్తాం, సీలింగ్ తెరిచి కట్టలు చూస్తాం. దానికి రుసుము లేదు. ఎండలు ముదిరే లోపే ఆ పని పూర్తి చేయాలని ఉంది.