ఆన్‌లైన్ పాఠాలను గంటల లెక్కన కొనవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

తిరుపతిలో ఉంటూ కొన్నేళ్లుగా ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. విషయ నిపుణులు చెప్పే సంగతులను ఆన్‌లైన్‌లో నేర్చుకోదగిన పాఠాలుగా మలచడం నా వృత్తి. మన ప్రాంతంలో కళాశాలలు, ఆసుపత్రులు, కర్మాగారాలు ఇలాంటి పాఠాలు చేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అయితే పని అప్పగించేటప్పుడు వారు తరచూ అడిగే మొదటి ప్రశ్న ‘గంట వీడియోకు ఎంత తీసుకుంటారు?’ అన్నదే. వీడియో నిడివిని బట్టి రేటు కట్టే ఈ పద్ధతే పాఠాలను పాడుచేస్తున్నదని, దీన్ని మార్చుకోవలసి ఉందని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

నిడివికే డబ్బు ముడుతున్నప్పుడు పాఠం సాగుతుందే తప్ప కుదించుకోదు. తరగతిలో వాడిన స్లైడ్లకు గొంతు జోడించి, ఆ గొంతు చదివే వాక్యాలనే తెర మీద కూడా వేసి, చివర ఒక క్విజ్ తగిలిస్తే కోర్సు పూర్తయినట్టే. బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తున్నప్పుడు అవే మాటలను అక్షరాల్లోనూ వేస్తే నేర్చుకోవడానికి అది తరచు అడ్డమే అవుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చూపాయి. (వినికిడి లోపం ఉన్నవారికి, అలవాటు లేని భాషలో వినేవారికి క్యాప్షన్లు అవసరమే, అది వేరే సంగతి.) ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన ఒక అధ్యయనం, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు సాధారణంగా 6 నిమిషాలకు మించి నిలవడం లేదని తేల్చింది. అయినా మన ఆర్డర్లలో ‘ఒక్కో పాఠం 45 నిమిషాలు’ అన్న షరతు కనిపిస్తూనే ఉంది.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కర్మాగారం కోసం చేసిన పని ఇక్కడ చెప్పడం సబబు. తోతాపురి కాయలు దిగే రోజుల్లో చేరే కార్మికులకు పరిశుభ్రత మీద పాఠం కావాలన్నారు. వారి దగ్గరున్న పాత క్విజ్‌లో ‘వ్యక్తిగత పరిశుభ్రత అనగానేమి?’ అని ప్రశ్న, దానికి నాలుగు జవాబులు, నాలుగోది ‘పైవన్నీ’. మన క్విజ్‌లలో ‘పైవన్నీ’ కనిపిస్తే అదే సరైన జవాబని పాఠం చూడనివారికి కూడా తెలుసు. దాని బదులు మేము ఒక సందర్భం పెట్టాం. కాయలు ఏరే బెల్టు దగ్గర పనిచేస్తున్న ఒకామె వేలికి అంతకుముందే కోత పడి నీలం రంగు బ్యాండేజీ వేశారు. ఇప్పుడు చూస్తే ఆ బ్యాండేజీ వేలికి లేదు, బెల్టు మాత్రం నడుస్తూనే ఉంది. ఆమె కొత్తది చుట్టుకుని పని సాగించాలా, చుట్టుపక్కల తానే వెతకాలా, బెల్టు ఆపించి సూపర్‌వైజరుకు చెప్పాలా? ఏది ఎంచుకుంటే దాని పర్యవసానమే తెర మీద కనిపిస్తుంది; మొదటిది ఎంచుకున్నవారికి ఆ బ్యాండేజీ కాయలతోపాటు గుజ్జు తీసే యంత్రం వైపు వెళ్లడం కనిపిస్తుంది. తినే పదార్థాల్లో నీలం రంగు అరుదు గనుక పడిపోతే ఇట్టే కనబడాలనే ఆహార కర్మాగారాల్లో నీలం బ్యాండేజీలు వాడతారన్న సంగతి కూడా, విడిగా చెప్పనక్కరలేకుండా, అక్కడే తెలిసిపోతుంది. జవాబు నొక్కే ముందు కార్మికులు తమలో తాము వాదించుకున్నారు. ఈ పాఠం మొత్తం నాలుగు నిమిషాలకు మించదు, కానీ దాని వెనుక కర్మాగారంలో గడిపిన సమయం, సూపర్‌వైజర్లతో చర్చలు, తిరగరాసిన స్టోరీబోర్డులు (తెర మీద ఏది ఎప్పుడు రావాలో ముందుగా కాగితం మీద వేసుకునే నమూనాలు) ఉన్నాయి. గంటల లెక్కన చూస్తే ఇది అన్నిటికన్నా చవకైన పాఠం కావాలి.

‘కాస్త ఆకట్టుకునేలా చేయండి’ అని అడిగేవారు చాలామంది కోరేది చేతులూపే కార్టూన్ బొమ్మ, చప్పట్ల శబ్దం, తళుక్కుమనే పతకాలు. అవి రెండో పాఠానికే విసుగు పుట్టిస్తాయి. నేర్చుకునే మనిషిని పట్టి ఉంచేది తాను తేల్చవలసిన చిక్కు ఒకటి ఎదురుగా ఉండటం.

ఇది ప్రైవేటు సంస్థల శిక్షణకే పరిమితమైన సమస్య కాదు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక చట్రంలో వీడియోతోపాటు చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్షలు, చర్చా వేదిక ఉన్నాయి. అంటే అక్కడ వీడియో నాలుగింట ఒక భాగం. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు ఆ వేదిక ద్వారా చదివించుకోవచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనలు అనుమతించాయి. విద్యార్థుల క్రెడిట్లు ముడిపడి ఉన్నచోట మిగతా మూడు భాగాలను మొక్కుబడిగా వదిలేయడం తగదు.

కాబట్టి పాఠాలు చేయించుకునే సంస్థలు వర్క్ ఆర్డరులో గంటల బదులు, పాఠం ముగిశాక నేర్చుకున్నవారు ఏ పని చేయగలగాలో రాయాలని కోరుతున్నాను. చిత్రీకరణకు ముందే స్టోరీబోర్డును, ఆ పని చేయబోయే నలుగురైదుగురికి ఇచ్చి పరీక్షించి చూడాలి. ఇందులో పై అధికారి ఆమోదం సరిపోదు. నెల తరువాత అదే విషయాన్ని మరో సందర్భంలో అడిగి చూసి, తేలిన లోపాలను సవరించడానికి కొంత సొమ్మును ఒప్పందంలోనే విడిగా ఉంచాలి. శ్రీ వేంకటేశ్వర, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయాలున్న ఈ ఊళ్లో పాఠ్య ప్రణాళిక రాయడం నేర్చిన బీఎడ్ పట్టభద్రులకు కొదవ లేదు. అలాంటివారిని పాఠం రికార్డయ్యాక తప్పులు దిద్దడానికి కాక, విషయ నిపుణుడితో మొదటిరోజు సమావేశానికే పిలవాలి.

ఇట్లు,
ఒక ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్,
తిరుపతి.