పంచిన తెరలు, కట్టిన తెరలు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని దోమతెరలు పంచామో ముందు చదవడం, చప్పట్లయ్యాక మిగతా సంగతుల్లోకి వెళ్లడం మనకు అలవాటు. ఈసారి ఆ అంకె కోశాధికారి గారి జమాఖర్చుల్లో వస్తుంది, నేను చదవను. ఇన్నాళ్లూ మనల్ని నమ్మించి మోసం చేసింది ఆ అంకే. సంతకం పెట్టి తీసుకున్న తెరకూ, రాత్రి దాని కింద మనిషి పడుకోవడానికీ మధ్య ఎంత దూరముందో ఈ ఏడాదే తెలిసొచ్చింది.

వానలకు ముందే పంపిణీ ముగించాం. వానలు పట్టుకున్నాక మలేరియా జ్వరాలెలా ఉన్నాయో చూసొద్దామని కొందరం బయల్దేరాం. పగలు వెళ్లుంటే అందరూ "కట్టుకుంటున్నామండీ" అని పంపేసేవారే. దారిలో ఆలస్యమై చీకటి పడ్డాక చేరాం, అదే మేలైంది. మొదటి ఇంట్లోనే తెర పెట్టెలో ఉంది, సంచీ కూడా విప్పలేదు. ఇంట్లో ఉన్నావిడ పెద్దావిడ. "పెద్దమ్మా, తెర కట్టలేదేం?" అని మా కుర్రాడు అడిగాడు. "ఇచ్చి పోయారు గానీ, ఎక్కడ కట్టాలో చూశారా నాయనా?" అందామె. తలెత్తి చూశాం. ఒక మూలకు మేకుంది, రెండో మూలకు కిటికీ ఊచ, మూడో వైపు దండెం. నాలుగో మూలకు ఏమీ లేదు. ఆ కొస వేలాడేస్తే తెర తెల్లవార్లూ మొహం మీదే పడుతుంది. ఎవరు మాత్రం పడుకుంటారు? ఆ రాత్రి మా సంచుల తాళ్లు విప్పి దూలానికి కట్టి వచ్చాం. తెరలకైన ఖర్చు ముందు మేకులు, తాళ్ల ఖర్చు లెక్కలోకే రాదు, అయినా మన బడ్జెట్‌లో వాటికి పద్దు లేదు.

ఇంకో ఇంట్లో తెర చక్కగా కట్టి, అంచులు చాప కిందికి దోపి పెట్టారు. లోపల ముగ్గురు పిల్లలు, తల్లి. చివర పడుకున్న పిల్లాడి మోకాలు తెరకు ఆనుకుని ఉంది. టార్చి వేస్తే సరిగ్గా అక్కడే, బయటి వైపు, దోమ వాలి ఉంది. ఒళ్లు తెరకు తగిలితే సందులోంచి కుట్టే వీలుంటుంది. ఒక తెర ఇద్దరికి సరిపోతుందన్నది ప్రపంచవ్యాప్తంగా పాటించే లెక్క. ఊరు మొత్తానికి తెప్పించేటప్పుడు మాత్రం 1.8 మందికి ఒకటి చొప్పున లెక్కగట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ముగ్గురున్న ఇంటికి ఒకటిన్నర తెర ఇవ్వలేం కదా, రెండివ్వాలి. మనం ఇంటికొకటి చొప్పున పంచుకుంటూ పోయాం. అందరికీ అందిందన్న తృప్తి మనది, మోకాలు ఆ పిల్లాడిది.

మూడో తప్పు చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. దోమల్ని చంపే మందు పట్టించిన కొత్త తెరను సంచీలోంచి తీశాక ఒక రోజంతా నీడలో ఆరబెట్టి, ఆ తర్వాతే కట్టుకోవాలి. లేకపోతే కొందరికి మొహం మండుతుంది, కళ్లు నీరు కారతాయి, ముక్కు దిబ్బడేస్తుంది. హడావిడిలో ఒక వీధివాళ్లకు ఈ మాట చెప్పడం మరిచాం. మొదటి రాత్రే ఇద్దరు పిల్లలు మంటని ఏడ్చారు. తెల్లారేసరికి "ఆ తెరల్లో విషముంది" అన్న మాట ఊరంతా పాకింది, కట్టినవాళ్లూ విప్పేశారు. మళ్లీ నమ్మకం కుదర్చడానికి ఆరోగ్య కార్యకర్త తన ఇంట్లోనే తెర కట్టుకుని, ఇరుగుపొరుగును పిలిచి చూపించాల్సి వచ్చింది. ఆవిడకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

మందు లేని మామూలు తెర కొనిస్తే చవక కదా అని కిందటి సమావేశంలో కొందరు సభ్యులు అడిగారు. మామూలు తెర దోమను అడ్డుకుంటుంది, అంతే. అది ఎగిరి పక్కింటికి పోతుంది. మందున్న తెర మీద వాలిన దోమ చాలావరకు చస్తుంది. మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ ఆడదోమ వెంటనే జబ్బు అంటించలేదు. పరాన్నజీవి దాని కడుపులో పెరిగి లాలాజల గ్రంథుల దాకా చేరడానికి వాతావరణాన్ని బట్టి పది రోజులో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆలోగా దోమ చస్తే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. అందుకే ఊళ్లో ఎక్కువమంది కట్టుకుంటే తెర లేని ఇంటికీ కొంత రక్షణ దొరుకుతుంది. దోమ కడుపులో ఈ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకునేది అందుకే. ఆ రోజు మనం ఊరేగింపు తీస్తాం. వచ్చే ఏడాది దాని బదులు తెరలు కుట్టే పని పెట్టుకుందామని నా మనవి.

తెరల వల్ల నిజంగా ఒరిగిందేమిటని సందేహించేవారికి రెండు మాటలు. 2000 నుంచి 2015 వరకు ఆఫ్రికాలో తప్పిన మలేరియా కేసుల్లో 68 శాతం మందు తెరల వల్లే తప్పాయని అంచనా. ఇంకో వైపు, 2023లోనూ ప్రపంచంలో 26.3 కోట్ల కేసులు, 5,97,000 మరణాలు సంభవించాయని అంచనా. ఆఫ్రికా ప్రాంతంలో చనిపోయినవారిలో నాలుగింట మూడొంతులు ఐదేళ్లలోపు పిల్లలే. ఇంట్లో తెర ఒకటే ఉంటే ముందు పసిపిల్లలకు, గర్భిణికి ఇవ్వమని గట్టిగా చెబుతున్నది ఇందుకే. కొన్ని ఇళ్లలో అది ఇంటిపెద్ద మంచానికే కనిపించింది. ఆయనకు ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పడం అంత తేలికేమీ కాదు.

చెరువు పక్క ఊళ్లో కొందరు తెరలతో చేపలు పడుతున్నారని ఫిర్యాదు వచ్చింది. వెళ్లి చూస్తే చాలావరకు పాతవి, చిరిగినవి. పూట గడవడానికి చేసే పనిని తప్పుపట్టే హక్కు మనకు ఎంతవరకు ఉందో నాకు తెలియదు. కానీ తెరలకు పట్టించే పైరిథ్రాయిడ్ అనే మందు చేపలకు విషం. తెర అల్లికలో సందులు మరీ సన్నవి కావడంతో చేపపిల్లలూ ఊడ్చుకుపోతాయి. అందుకే చెరువులో, వాగులో తెరలు ఉతకొద్దని, ఇంటి దగ్గర తొట్టిలో మామూలు సబ్బుతో ఉతికి నీడలో ఆరేయాలని చెప్పి వచ్చాం. ఎండలో ఆరేస్తే మందు బలం తగ్గుతుంది. సుమారు 20 ఉతుకుల దాకా, మూడేళ్ల వాడకం దాకా పనిచేసేలా తయారుచేసిన తెరలివి. వారం వారం ఉతికితే ఆరు నెలలకే ఆ లెక్క దాటిపోతుంది.

మందుకు లొంగని దోమల గురించి కూడా ప్రశ్నలొచ్చాయి. రెండు మందులు కలిపిన తెరల్లో క్లోర్‌ఫెనపిర్ అనే మందు ఉన్న రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫార్సు చేసింది. మన ఊళ్ల దోమలు ఏ మందుకు లొంగడం లేదో మలేరియా విభాగం వారిని అడిగాకే ఏ రకం కొనాలో తేల్చుకోవాలి.

జ్వరాల సంగతి క్లుప్తంగా. చలిజ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోమని ప్రతి ఇంటా చెప్పాం. వైవాక్స్ అనే రకం మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెట్టగలదు కాబట్టి, జ్వరం తగ్గిందని మందు మధ్యలో ఆపొద్దనీ చెప్పాం.

సభ ఆమోదానికి మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఇకపై తెరతో పాటు నాలుగు మేకులు, తాడు ఇవ్వాలి, కట్టి చూపించాకే సంతకం తీసుకోవాలి. ఇంటికొకటి పద్ధతి మాని మనుషుల లెక్కన ఇవ్వాలి. పంపిణీ అయిన నెలకు ఒకసారి, వానాకాలం మధ్యలో మరోసారి, రాత్రి ఎనిమిది దాటాక ఇళ్లకు వెళ్లి కట్టిన తెరలు లెక్కపెట్టాలి. రాత్రి తిరగడానికి వచ్చేవారు వెళ్లేముందు పేరు రాయించండి. కుట్టుమిషను ఉన్నవారైతే వేరే కాగితం మీద రాయించండి, చిరుగులు కుట్టే పని బోలెడు మిగిలుంది.

ఇట్లు,
కార్యదర్శి